వెళ్ళొస్తానన్న అల

ఒకప్పుడు అలలకు వెనక్కి తిరగడం తెలియదు. ఒడ్డు చూడాలని ఉబలాటపడేవి. "అమ్మా, వెళ్తున్నా!" అని ఒక్క కేక వేసి పరుగెత్తేవి. ఇసుకను తాకేవి, ఇంకిపోయేవి. అంతే.

అందరికన్నా ముందు తన పెద్ద కూతురు అల వెళ్ళిన రోజున, సాయంత్రానికి వచ్చేస్తుందిలే అనుకుంది సముద్రం. రాలేదు. వెతుక్కురమ్మని రెండోదాన్ని పంపింది. అదీ రాలేదు. ఇక మిగిలిన పిల్లలను ఒడిలోనే అదిమిపెట్టుకుంది. అంత నీరూ కుండలో నీళ్ళలా కదలకుండా ఉండిపోయింది. తల్లి చూపు మాత్రం ఒడ్డు మీదే.

ఆ ఒడ్డున ఎల్లాజీ, గురమ్మ అనే ఆలుమగలు చేపలు పట్టి బతికేవారు. ఒక ఉదయం ఎల్లాజీ తెప్పను నీళ్ళలోకి తోస్తూ, "ఇదిగో, వెళ్తున్నా" అన్నాడు. గురమ్మ ఒక్క అంగలో వచ్చి తెడ్డు లాక్కుంది.

"ఏటయ్యా ఆ మాట? దిగు. దిగి మళ్ళీ చెప్పు."

"పొద్దెక్కిపోతోందే! చేపలు నీకోసం ఆగుతాయా?"

"ఆగకపోతే గంజి తాగి పడుకుందాం. సరిగ్గా చెప్పందే తెడ్డివ్వను."

ఎల్లాజీ గొణుక్కుంటూ దిగాడు. గుమ్మం దాకా నడిచి మళ్ళీ వచ్చాడు. "వెళ్ళొస్తానే తల్లీ, వెళ్ళొస్తాను. చాలా?"

"చాలు. వెళ్ళి రా."

సాయంత్రానికి అతను తిరిగొచ్చాడు. సముద్రం అంతా చూసింది. గురమ్మ కాళ్ళు కడుక్కోవడానికి వచ్చినప్పుడు మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, పొద్దున నీ మొగుడిచేత చెప్పించావే, ఆ మాట ఎక్కడిది?"

"మా అత్త నేర్పింది. ఆమెకి వాళ్ళత్త. మొట్టమొదట ఒడ్డున నిలబడి ఎదురుచూసినావిడెవరో పుట్టించుంటుంది. తెప్ప మీదున్నోడికి ఎందుకు తడుతుంది?"

"దానికి అర్థం?"

"కాళ్ళు అటు వెళ్తాయి, మనసు ఇటే ఉంటుందని. నేనైతే వెళ్ళొస్తాను, నువ్వైతే వెళ్ళొస్తావు, ఆయనైతే వెళ్ళొస్తాడు, అందరమైతే వెళ్ళొస్తాం. ఎవరు వెళ్ళినా, రావడం అందులో ఉండాల్సిందే."

"నా పెద్దదానికి ఎవరూ చెప్పలేదు" అంది సముద్రం.

గురమ్మ వంగి నీళ్ళను అరచేత్తో నిమిరింది.

మర్నాడు సముద్రం అందరికన్నా చిన్న అలకు ఆ మాట నేర్పింది. "వెళ్ళొస్తానమ్మా!" అంటూ అది గంతేసింది. ఒడ్డును తాకగానే ఇసుక దాన్ని పట్టుకుంది.

"ఉండిపోవే పిల్లా, ఇక్కడ వెచ్చగా ఉంటుంది."

"అమ్మో, ఇంటికి వస్తానని చెప్పొచ్చాను!" అల ఇసుకను గీరుకుంటూ వెనక్కి జారింది.

సముద్రం దాన్ని పొదువుకుంది. ఒకే ఒక్కటి అడిగింది. "అక్క కనబడిందా?"

"లేదమ్మా. తడి కనబడింది."

"అయితే దగ్గర్లోనే ఉంటుంది. మళ్ళీ వెళ్ళి రా."

అప్పటినుంచే అల ఒడ్డుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరుగుతుంది. అది ఇంటికి చేరీ చేరకముందే ఇంకొకటి బయలుదేరుతుంది. సముద్రం ఈనాటికీ అడగడం మానలేదు.