తనిఖీ జరిగినది

కౌముదికి ఉన్నది ఒకటే దిగులు. గైడు దళం మొత్తంలో ఆమె వేసే ముడికి సాటి లేదని పిల్లలందరూ ఒప్పుకున్నారు. కెప్టెనమ్మ మాత్రం ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

కెప్టెనమ్మ అంటే విశాలాక్షమ్మ గారు. ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పడం మానుకొని చాలా ఏళ్ళయినా, గైడు దళాన్ని నడపడం మాత్రం ఆమె మానుకోలేదు. నీలపు అంచు తెల్లచీర, మెడలో దళం స్కార్ఫు, నడుమున ఈల. ఈలకు పని ఎక్కువ, మాటకు తక్కువ.

ఆమె శిబిరంలో ఒక ఆచారం ఉండేది. గుడారం కానివ్వండి, ద్వారం కానివ్వండి, అంట్లు ఆరబెట్టే కర్రల తడిక కానివ్వండి, పిల్లలు ఏది కట్టినా ఆమె వచ్చి ప్రతి ముడినీ చేత్తో తడిమి చూసేదాకా ఎవరూ దానిని వాడరాదు. కళ్ళతో చూసి సరిపెట్టుకొనేవారు కారు. కళ్ళు మూసుకొని బొటనవేలితో ముడిని నొక్కి, కొసను లాగి, ఒక్క క్షణం ఆగి, తరువాతి ముడి దగ్గరకు జరిగేవారు. ఆ మీదట ఉదయపు సభలో, జెండా ఎగిరిన పిమ్మట, ఆనాటి ప్రకటనలలో ఒకటిగా వినిపించేది: "ద్వారము కట్టబడినది. తనిఖీ జరిగినది. వాడవచ్చును." దళం పుట్టిన నాటి నుండి ఆ వాక్యాలు అవే. వాటిని మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు శిబిరం కొండల నడుమ పారే ఒక గెడ్డ ఒడ్డున వేశారు. వానలు వెనుకబట్టినా గెడ్డ ఇంకా తగ్గలేదు. రాళ్ళ మీదుగా తెల్లగా విరిగి, హోరుమంటూ పోతోంది. శిబిరం ఈవలి ఒడ్డున, రోడ్డు ఆవలి ఒడ్డున. జిల్లా నుండి పెద్దలు చూడవస్తున్నారని తెలియగానే, వారి దగ్గరకు పిల్లలందరూ తాళ్ళ వంతెన మీదుగా దాటి వెళ్ళి వందనం చేయాలని నిర్ణయించారు. పూల పేర్లు పెట్టుకొన్న చిన్న దళాలలో, కట్టే పని తామర దళానికి వచ్చింది. తామర దళానికి నాయకురాలు కౌముది.

గుడారపు తాళ్ళను తడుముతున్న కెప్టెనమ్మ వెనుకనే నిలబడి, కౌముది అడగదలచుకొన్నది అడిగేసింది.

"కెప్టెనమ్మా, నేను వేసిన ముడి ఎప్పుడైనా ఊడిందాండీ?"

"లేదు."

"మరి ఇంకా ఎన్నాళ్ళు తడిమి చూస్తారు?"

కెప్టెనమ్మ చేయి తాడు మీద ఆగింది. వెనుకకు తిరిగి ఆ పిల్ల ముఖంలోకి చూశారు. కోపం లేదు. గురుతు పెట్టుకొంటున్నట్లుగా చూశారు.

"అక్కరలేదనిపిస్తోందా?"

"నాకైతే అక్కరలేదనిపిస్తోందండీ."

"సరే. వంతెనను నేను తడమను. ప్రకటన నువ్వే చదువు."

చీవాట్లు తప్పవనుకొన్న కౌముదికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

వంతెన అంటే పెద్ద నిర్మాణమేమీ కాదు. ఈ ఒడ్డున ఒక మద్దిచెట్టు, ఆ ఒడ్డున ఒక మద్దిచెట్టు. అడుగు వేయడానికి కింద ఒక తాడు, పట్టుకోవడానికి పైన ఇరుపక్కలా ఒక్కొక్క తాడు, మధ్య మధ్య వాటిని కలుపుతూ సన్నతాళ్ళ బిగింపు. ఎప్పుడూ వాడే కొబ్బరి తాడును పక్కన పెట్టి, ఈసారి బడివారు కొనిచ్చిన కొత్త నైలాను తాడును కౌముది తీసుకొంది. నీలంగా నిగనిగలాడుతూ, చేతికి పట్టులా జారుతూ ఉంది. నైలానుతో కట్టినప్పుడు ముడి పడిన తరువాత కొసను వదిలిపెట్టక, మరి కొన్ని చుట్లు తిప్పి బిగించాలని కెప్టెనమ్మ నేర్పారు. ఆ చేతికి ఈ చేతికి తిప్పి చుట్లన్నీ వేస్తే ముడి లావుగా, మోటుగా కనబడుతుంది. పైగా ద్వారం కడుతున్న గన్నేరు దళం అప్పుడే చివరి గడకు వచ్చేసింది.

"ఏమే కౌముదీ, వంతెన కడుతున్నావా, జడ వేస్తున్నావా?" అని గన్నేరు దళం నాయకురాలు నసీమా అటునుండి కేక వేసింది.

"నీ ద్వారం గాలికి తల ఊపుతోంది, ముందు దాన్ని పట్టుకో," అని కౌముది బదులిచ్చింది.

నవ్వుతూనే, ఆ చుట్లు వేయక, మిగిలిన కొసను కత్తిరించింది. కింది తాడు ముడి చిన్నగా, ముద్దుగా, బొమ్మలో ముడిలా కుదిరింది. పని ముగిసిందని గన్నేరు దళం కంటె ముందు తామర దళమే ఈల ఊదింది.

బంతి దళంలో అందరికంటె చిన్నది పైడితల్లి. వంతెనను ముందుగా దాటవలసింది ఆ పిల్లే. అది వచ్చి చెట్టు పక్కన నిలబడి నీళ్ళకేసి చూసింది.

"అక్కా, ఇది ఊడిపోదు కదేటి?"

"ఊడితే ఈత నేర్చుకొందువు గానిలే."

పిల్లలు పకపక నవ్వారు. పైడితల్లీ నవ్వింది. దాని కళ్ళు మాత్రం నీళ్ళను వదలలేదు.

మరునాటి ఉదయం ఆవలి ఒడ్డున జీపు ఆగింది. పెద్దలు దిగి కుర్చీలలో కూర్చున్నారు. ఈవలి ఒడ్డున దళాలన్నీ గుర్రపునాడా ఆకారంలో నిలబడ్డాయి. జెండా విప్పుకొని ఎగిరింది. పాట అయింది. ప్రకటనల వేళకు కెప్టెనమ్మ కౌముది వైపు తల ఊపారు.

గెడ్డ హోరును దాటి ఆవలివారికి కూడా వినబడాలని, కౌముది గుండెనిండా గాలి పీల్చుకొని చదివింది.

"వంట వంతు ఈ పూట గన్నేరు దళానిది. మధ్యాహ్నము దారి గుర్తుల పోటీ జరుగును. వంతెన కట్టబడినది. తనిఖీ జరిగినది. దాటవచ్చును."

అలవాటైన వాక్యాలు అలవాటుగానే వచ్చాయి. ఆవలి ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు. పైడితల్లి ఒక అడుగు ముందుకు వేసింది.

కెప్టెనమ్మ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి ఆపారు. చెప్పులు విడిచి చెట్టు మొదలు దగ్గర పెట్టారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొన్నారు. మెడలోని స్కార్ఫు తీసి, మడతపెట్టి, కళ్ళకు కట్టుకొన్నారు.

దళాలలో కలకలం రేగి, వెంటనే అణిగిపోయింది.

"కెప్టెనమ్మా, ఇదేమిటండీ?" అంది కౌముది.

"తనిఖీ జరిగింది కదా. ఇక నా కళ్ళకు పనేముంది?"

చేతులు చాచి పై తాళ్ళను పట్టుకొన్నారు. ముడతలు పడిన పాదం ఒకటి నేలను వదిలి, కింది తాడు కోసం గాలిలో మెల్లగా వెదకడం మొదలుపెట్టింది.

కౌముది ఆ పాదాన్నే చూసింది. ఆ పాదం వెదుకుతున్న తాడును చూసింది. తాడు వెంట ఆమె చూపు చెట్టు దాకా వెళ్ళి, ఆ చిన్న ముద్దైన ముడి మీద ఆగింది. కత్తిరించిన కొస, వేయని చుట్లు, నిన్నటి నవ్వు, అన్నీ ఒక్కసారిగా గురుతుకు వచ్చాయి. ఆ ముడిని తానుగాని, మరొకరుగాని తడిమి చూడనే లేదు.

"ఆగండి," అంది. తన మాట తనకే వినబడలేదు. దగ్గరకు పోయి, కెప్టెనమ్మ చెవి దగ్గర అంది. "ఆగండి కెప్టెనమ్మా. తనిఖీ జరగలేదు."

పాదం ఆగింది. కళ్ళగంతలతోనే కెప్టెనమ్మ ముఖం ఇటు తిరిగింది.

"ప్రకటన ఏ గొంతుతో చదివావో ఆ గొంతుతో చెప్పు."

కౌముది ఒడ్డు అంచుకు నడిచింది. అవతల కుర్చీలు, ఇవతల దళాలు, నడుమ గెడ్డ. మూడేళ్ళుగా తన భుజాన ఉన్న నాయకత్వపు పట్టీ ఆ క్షణాన రాయిలా బరువెక్కింది.

"వంతెన తనిఖీ జరగలేదు," అని అరిచింది. "నేను తప్పు చదివాను. ఎవ్వరూ దాటరాదు."

ఆవలి నుండి ఒకాయన చేతులు నోటికి అడ్డం పెట్టుకొని, "ఏమిటమ్మా ఆలస్యం?" అని అడిగారు.

"తనిఖీ జరుగుతోందండీ," అని కెప్టెనమ్మ బదులిచ్చారు. కట్టు విప్పలేదు. చెట్టు మొదలు దగ్గర, తన చెప్పుల పక్కన కూర్చుని, రైలు కోసం ఎదురుచూసే మనిషిలా చేతులు ఒడిలో పెట్టుకొన్నారు.

కౌముది కింది తాడు ముడి దగ్గర మోకరిల్లింది. రాత్రి మంచుకు తాడు చెమ్మగిల్లింది. కొసను వేలితో అలా తాకిందో లేదో, ముడి నిద్రలో చేయి వదిలినట్లు విడిపోయి కింద పడింది.

పడిన కొసను ఆమె చేతిలోకి తీసుకొంది. పైడితల్లి బరువెంత? కెప్టెనమ్మ బరువెంత? ఆ ముడి ఎంతవరకు ఆగి ఉండేది?

అప్పుడు పక్కన ఎవరో కూర్చున్నారు. నసీమా. తాడును రెండు చేతులా ఇవతలికి లాగి బిగించి పట్టింది. కౌముది కొత్తగా ముడి వేసింది. చుట్లన్నీ తిప్పింది. లావుగా, మోటుగా వచ్చింది. కళ్ళు మూసుకొని బొటనవేలితో నొక్కింది, లాగింది, ఆగింది. ఆ తరువాత పై తాళ్ళు. ఆ తరువాత ఎగువన గెడ్డ వెడల్పై మోకాటిలోతే ఉన్న నీటి దారిన, రాళ్ళు పట్టుకొంటూ చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవలి చెట్టు. పెద్దల కుర్చీల ముందునుండే తడిసిన బట్టలతో నడిచి వెళ్ళింది. ఎవరి ముఖమూ చూడలేదు.

తిరిగి వచ్చి, కెప్టెనమ్మ ముందు నిలబడింది.

"చూశానండీ."

కెప్టెనమ్మ లేచారు. ఏ ముడి, ఎక్కడ, ఎందుకు అని ఒక్క ప్రశ్న లేదు. స్కార్ఫు సవరించుకొని మళ్ళీ చేతులు చాచారు. పాదం తాడును వెదికి పట్టుకొంది. రెండవ పాదం నేలను వదిలింది.

కౌముది చటుక్కున వంగి ముడి మీద అరచేయి ఆనించింది.

మొదటి అడుగు ఆ అరచేతిలో తెలిసింది. తాడు ఒక్కసారి సాగి, ముడి తనలోకి తాను బిగుసుకొంది. రెండవ అడుగు. మూడవది. పిడికిట్లో పట్టిన పిచ్చుక గుండెలా ముడి కొట్టుకొంటోంది. కెప్టెనమ్మ గెడ్డ నడిమికి చేరేసరికి గాలికి వంతెన ఊగింది. తెల్లచీర చెంగు ఎగిరింది. కింద నీరు రాళ్ళను కొడుతూ లేస్తోంది. ఆమె నిలిచారు. అంత మనిషీ, అంత వయసూ, కళ్ళు లేని ఆ నిలకడా, సమస్తమూ కౌముది అరచేతి కింద ఒక్క చోట వచ్చి ఆగింది. ఊపిరి తీయడానికి కూడా ఆ పిల్లకు భయం వేసింది. తాను ఊపిరి తీస్తే తన చేతి కింద ఏమైనా కదులుతుందేమో అనిపించింది.

ఇన్నేళ్ళుగా ప్రతి ముడి మీదా కెప్టెనమ్మ చేయి ఒక్క క్షణం ఎందుకు ఆగేదో కౌముది ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

మళ్ళీ అడుగు కదిలింది. ఆవలి ఒడ్డున కెప్టెనమ్మ నేల తాకారు. చప్పట్లు కొట్టడం ఎవరికీ గురుతు రాలేదు.

కట్టు విప్పి, స్కార్ఫు మెడలో వేసుకొని, ఆమె ఈవలికి తిరిగారు. "పిల్లలను పంపు," అన్నట్లుగా చేయి ఊపారు.

పైడితల్లి చెట్టు దగ్గరకు వచ్చింది. అడుగు వేయలేదు.

"అక్కా," అంది.

"నా చేయి ఇక్కడే ఉంటుంది," అంది కౌముది. "ఆ ఒడ్డు చేరి నువ్వు పిలిచేదాకా తీయను. సరేనా?"

"తీయవు కదేటి?"

"తీయను."

ఆ పిల్ల తాడెక్కింది. ఎంత తేలిక. కెప్టెనమ్మ అడుగుకంటె ఎంతో తేలికైన ఆ అడుగు, కౌముది అరచేతికి అంతకంటె ఎంతో బరువుగా తెలిసింది.

ఆవలి నుండి పైడితల్లి పిలిచినా కౌముది చేయి తీయలేదు; ఒకరి తరువాత ఒకరుగా దళాలు దాటసాగాయి. ఆవలి ఒడ్డున జిల్లా పెద్దాయన కుర్చీలోనుండి లేచి, కెప్టెనమ్మ పక్కన వచ్చి నిలబడ్డారు. తప్పును అంత బాహాటంగా ఒప్పుకొన్న పిల్లను ఆయన చూడాలనుకొన్నారు.

"ఆ నాయకురాలు ఎవరండీ, ఆ చెట్టు కింద ఉన్న అమ్మాయే కదూ? ఒకసారి ఇటు పిలిపించండి. నాలుగు మాటలు మెచ్చుకొని వెళ్తాను."

కెప్టెనమ్మ ఈవలి ఒడ్డుకు చూశారు. వంతెన నడుమ ఇంకొక పిల్ల దాటుతోంది. కౌముది కళ్ళు మూసుకొని, ముడి మీద చేయి ఆనించి, కదలక కూర్చుని ఉంది.

"ఇప్పుడు పిలవకండి," అన్నారు. "ఆమె చేతిలో పిల్ల ఉంది."