అంగడివీధి మీద గంప

మన తాతల తాతలు ఎరిగిన ఒకానొక రాజ్యంలో చండభూపాలుడనే రాజుకు చెట్లంటే మహా మోజు. చెట్టు గాలిని శుభ్రం చేస్తుందని ఎవరో చెప్పగా విని, ఇరుకైన అంగడివీధికి రెండువైపులా కానుగలు దట్టంగా నాటించాడు. రాజు తలచుకుంటే చెట్లకు కొదవా?

కానుగలు ఏపుగా పెరిగి, కొమ్మకు కొమ్మ అల్లుకుని వీధికి కప్పు వేశాయి. కింద ఎడ్లబండ్ల దుమ్మూ, కమ్మరి కొలిమి పొగా పైకి పోయే దారిలేక అక్కడక్కడే తిరిగేవి. జనం దగ్గలేక చచ్చేవారు. పరదాలు దించుకుని, పన్నీరు చల్లుకుని పల్లకిలో పోయే రాజుకు ఆ బాధేం తెలుస్తుంది?

ఒకనాడు పల్లకి పోతుంటే తమలపాకులమ్మే సుంకులమ్మ ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

"నా చెట్లను చూసి దగ్గుతుందా? రేపు దీన్ని బండెక్కించి పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

సుంకులమ్మ పుట్టి పెరిగింది ఆ వీధిలోనే. ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు పేరయ్య గడప తొక్కింది.

"దగ్గు ఆపుకోవడం ఎవరి తరమయ్యా? ఈ వయసులో నేనెక్కడికి పోయేది?"

పేరయ్య ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. "రేపు రాజుగారి పుట్టినరోజు. తలంటయ్యే దాకా ఓపిక పట్టు" అన్నాడు.

మర్నాడు తలంటయింది. తడిజుట్టుకు సాంబ్రాణి వెయ్యాలి. మామూలుగా అయితే ధూపం మీద గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబెడతారు. పేరయ్య మనిషి పట్టేంత గంప తెచ్చాడు. దాని చుట్టూ కానుగ కొమ్మలు సందు లేకుండా అల్లి ఉన్నాయి.

"ప్రభూ, ఇవాళ కొత్త పద్ధతి. అన్నీ మీ చెట్ల ఆకులే."

"భేష్" అంటూ రాజు పొంగిపోయి కూర్చున్నాడు. పేరయ్య పొగలు కక్కే ధూపాన్ని రాజు పక్కనే పెట్టి, ధూపంతో పాటు రాజు మీదా గంప బోర్లించాడు.

క్షణంలో లోపల దగ్గు మొదలైంది. "పేరయ్యా, తియ్యరా గంప!"

"ఆకులు గాలిని శుభ్రం చేస్తాయి కదా ప్రభూ. కాస్త ఓర్చుకోండి."

రాజు గంపను తోసుకుని బయటపడ్డాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. "పొగ పోయే సందు లేకపోతే ఆకులేం చేస్తాయిరా?"

"నిన్న సుంకులమ్మ మనవి చేసుకున్నదీ అదే ప్రభూ. పాపం, దగ్గుతో చేసుకుంది. మీరు అంగడివీధి మీద ఇలాంటి గంపే బోర్లించారు. ఇంతకీ దగ్గినవాళ్ళను పొలిమేర దాటించడానికి బండి ఒకటి కట్టించమంటారా, రెండా?"

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

సుంకులమ్మ శిక్ష రద్దయింది. కొమ్మలు నరికించి వీధికి ఆకాశం చూపించారు. బండ్లకూ అంగళ్ళకూ మధ్య దుమ్ము ఆగేలా నడుమెత్తు గోరింట కంచె వేయించి, ఇంకా నాటాల్సిన మొక్కలన్నీ కోట బయటి వెడల్పు బాటకు తరలించారు. రాజు తన చేతి కంకణం తీసి పేరయ్యకు తొడిగాడు.

ఆ తరవాత రాజు పరదాలు ఎత్తించుకుని అంగడివీధికి వచ్చాడు. సుంకులమ్మ తాంబూలం అందిస్తుంటే, వక్కపలుకు గొంతుకు అడ్డుపడి చిన్నగా దగ్గాడు.

"బండి కట్టించమంటారా ప్రభూ?" అంది సుంకులమ్మ.

వీధి కంటే ముందు రాజే నవ్వాడు.