రాగి గొట్టంలో వాన

బిగింపుకు తుప్పు పట్టింది. హైమావతికి వచ్చిన కష్టం అది.

ఇదీ ఒక కష్టమేనా అని నవ్వకండి తల్లీ. కాస్త ఆగండి.

మూరెడు రాగి గొట్టం. రెండు కొసలా ఇనుప బిగింపులు. లోపల పంతొమ్మిదేళ్ళ కిందట కొండ కింద ఊట బుగ్గలో పట్టిన నీళ్ళు. దాన్ని ఆమె పూజగదిలో దేవుడి పటాల వెనక దాచుకుంది. మొన్న పటాలు తుడుస్తుంటే వేలికి ఎర్రటి పొడి అంటింది. ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గురువుగారి దగ్గరికి వచ్చేసింది.

గురువు కంబగిరయ్య గారు. సున్నపురాయి కొండల్లో నీళ్ళు ఏ దారిన పోతాయో వెతకడంలోనే తల నెరిసింది ఆయనకు. ఉద్యోగం అయిపోయాక కొండ కింద బుగ్గ పక్కనే, శివయ్య గుడి వెనక ఒక గదిలో ఉంటున్నారు. పొద్దున విభూతి, పంచాక్షరి. తర్వాత ఎవరైనా శిష్యులొస్తే పాఠం.

ఆ పాఠం ఏమిటంటారా? వాన చుక్క నేలలోకి దిగేటప్పుడు ఆ ఏడాది గాలిని కాస్త తనలో కరిగించుకుని దిగుతుంది. శివయ్య జడలో గంగమ్మ దాగినట్టు రాతిలో ఏళ్ళ తరబడి దాగి, ఎప్పుడో బుగ్గలో పైకొస్తుంది. బయటి గాలి సోకకముందే పట్టి, అందులో కరిగిన గ్యాసులు చూస్తే అది ఏ ఏడాది వానో చెప్పొచ్చు. గొట్టంలో ఒక్క బుడగ మిగిలినా లెక్క చెడుతుంది. అందుకే గొట్టాన్ని పానాతో టక టక కొట్టి, బుడగలన్నీ పోయాకే బిగిస్తారు.

"బుడగ ఉంటే నీళ్ళు అబద్ధమాడతాయి" అనేవారు కంబగిరయ్య గారు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆ పనిమీదే గురువూ శిష్యురాలూ ఈ బుగ్గ దగ్గర ఉన్నారు. ఆమె కొడుకు నరహరి, ఆరేళ్ళవాడు, టౌన్లో ఆసుపత్రిలో ఉన్నాడు. జ్వరమే కదా అనుకున్నారు అందరూ. ఆఖరి గొట్టం పడుతుండగా జీపు డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, బాబుకు బాగలేదంట, రమ్మంటున్నారు."

గొట్టంలో ఇంకా బుడగలు లేస్తున్నాయి. "ఈ ఒక్కటీ బిగించి వెళ్ళమ్మా" అన్నారు గురువుగారు. ఆయనకేం తెలుసు? ఆమెకేం తెలుసు? ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె ఆసుపత్రి మెట్లెక్కేసరికి వాడు పోయి పది నిమిషాలు.

ఆ గొట్టం ఆమె సంచిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె ఈ బుగ్గ ముఖం చూడలేదు. ఇదిగో, ఇవాళే రావడం.

గుడి మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి గొంతు తడుపుకుంది. కంబగిరయ్య గారు అది చూసి నవ్వారు.

"నీళ్ళ మీద డాక్టరేటు చేసి, బుగ్గ దగ్గరికి సీసా నీళ్ళు తెచ్చుకున్నావా తల్లీ?"

ఆమె నవ్వలేదు. గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బిగింపు తుప్పు పట్టింది సార్. ఇంకెన్నాళ్ళు ఆగుతుంది? వాడు ఊపిరి పీలుస్తున్న రోజు గాలి ఇందులో ఉంది. అది కారిపోతే నాకింకేమీ మిగలదు."

ఆయన గొట్టాన్ని ముట్టుకోలేదు.

"ఆ రోజు పట్టిన మిగతా గొట్టాలు ల్యాబుకు పోయినాయి కదా. ఈ బుగ్గ నీళ్ళకు ఏం వయసు వచ్చింది?"

"ఇరవై ఏళ్ళు సార్, అటూ ఇటూగా."

"నీ కొడుక్కు?"

"ఆరు."

అన్నాక ఆమె ఆగిపోయింది. ఒళ్ళో గొట్టం వైపు చూసింది. ఎంత చదువు చదివిన మనిషి! ఇన్నేళ్ళలో ఈ చిన్న లెక్క ఒక్కసారీ వేయలేదు.

"అంటే ఇందులో..."

"వాడు పుట్టకముందు వాన తల్లీ. ఆ గాలి వాడికి తెలియదు."

చాలాసేపు ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"బిగించి వెళ్ళమన్నది నేనే కదా. రోజూ జపంలో ఆ మాటే అడ్డం పడతాది."

ఆమె తల ఎత్తింది. ఆయన కళ్ళూ తడిసి ఉన్నాయి.

"వాడినెప్పుడైనా ఇక్కడికి తెచ్చినావా?"

"ఒక్కసారి సార్. వాడు పోవడానికి ముందేడు. కొండ మీదుండగా వాన పట్టుకుంది. పరిగెత్తరా అంటే వినడే! నోరు తెరిచి, ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. జలుబు చేస్తుందని వీపు మీద ఒకటేశాను."

"ఆ వాన కురిసి ఎన్నేళ్ళయింది?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. బుగ్గ వైపు చూసింది.

"ఇరవై."

కంబగిరయ్య గారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచారు. "శివ శివా" అంటూ ఒక్కో మెట్టూ దిగి బుగ్గ దగ్గరికి వెళ్ళారు. చెంబు పక్కనే ఉంది. ముట్టుకోలేదు. రెండు అరచేతులూ ఆనించి, పైకుబికే చోట నీళ్ళు పట్టారు. ముసలి వేళ్ళ మధ్య సందులు. పైకి వచ్చేలోపే సగం నీళ్ళు మెట్ల మీద కారిపోయాయి.

"త్వరగా అమ్మా" అన్నారు. "నిలిచేవి కావు."

హైమావతి ఒళ్ళో గొట్టం తీసి పక్కన పెట్టింది. తల వెనక్కి వాల్చి, ఆకాశంకేసి చూస్తూ, నోరు తెరిచింది.