మందం లేని చదరం

తిప్పనకి ఉలి కావాలి. ఏడు నెలలుగా కావాలి.

కొండ కింద రాతిపనుల మకాంలో అయిలోజు గారి దగ్గర శిల్పం నేర్చుకుందామని వచ్చాడు. ఆయన అన్నీ ఇచ్చారు. నీళ్ళ కావడి ఇచ్చారు. కొలిమి తిత్తి ఇచ్చారు. మొద్దుబారిన ఉలులు సానకి మోసుకెళ్ళే తట్ట కూడా ఇచ్చారు. కాని ఉలులు మొయ్యడం వేరు, ఉలి అందుకోవడం వేరు. ఆ మకాంలో గురువు తన చేత్తో ఉలి ఇస్తేనే శిష్యుడు. అప్పటిదాకా వచ్చిపోయే మనిషి.

వచ్చే పున్నమితో అక్కడ పని అయిపోతుంది. మర్నాడు బళ్ళు కట్టి ఏటి అవతల ఇంకో ఊరికి పోతారు. ఉలి ఉన్నవాళ్ళే ఆ బళ్ళెక్కుతారు. లేనివాడు ఇంటిదారి పట్టాలి. ఏడు నెలల కిందట తిప్పన బయల్దేరుతుంటే వాళ్ళ నాన్న, "గణితం చదివినవాడివి, రాళ్ళు కొట్టుకునే బుద్ధేమిట్రా" అని కేకలేశాడు. ఇప్పుడు వట్టి చేతులతో వెళితే ఏమీ అనడు. తిప్పన భయం అదే.

దశమినాడు పొద్దున అయిలోజు గారు చద్దన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా ధైర్యం చేసి అడిగాడు.

"అయ్యా, నాకు ఉలి ఎప్పుడిస్తారు?"

"నీకేం వచ్చురా?"

ఈ మాట ఎప్పుడడుగుతారా అని కాచుకున్నవాడిలా తిప్పన మొదలెట్టాడు. ఆకృతులన్నీ రెండు గుంపులన్నాడు. పొడవూ వెడల్పూ ఉండి మందం లేనివి ఒక గుంపు. మూడూ ఉన్నవి రెండో గుంపు. మొదటి దాంట్లో త్రిభుజాలు. మూడు భుజాలూ సమానమైనవి, రెండే సమానమైనవి, ఏవీ కానివి. తర్వాత నాలుగు భుజాలవి. ప్రతి చదరమూ దీర్ఘచదరమేగాని, ప్రతి దీర్ఘచదరమూ చదరం కాదన్నాడు. అక్కడ కాస్త ఆగాడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. ఎవరూ మెచ్చుకోలేదు. రెండో గుంపుకి పోయాడు. ఘనానికి ఆరు మొహాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. శంకువుకి ఒక గుండ్రటి అడుగు, ఒక మొన. బంతికి అంచూ లేదు, మూలా లేదు.

అయిలోజు గారి అక్క కాచమ్మ గిన్నెలు బోర్లిస్తూ వింటోంది. ఆ మకాంలో పదిమందికి వండిపెట్టేది ఆవిడే. ఎవరి మొహమ్మీద ఏమనాలన్నా ఆవిడకి జంకు లేదు.

"ఒరే తమ్ముడూ, వీడికి ఉలెందుకురా? ఈ నోటికి రాయి దానంతటదే పగుల్తుంది."

అయిలోజు గారు నవ్వలేదు. "బాగుంది. నీ మొదటి గుంపులోంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టు. చదరమే తే. ఉలి ఇస్తాను."

"అంతేనా అయ్యా?"

"అంతే."

తిప్పన ఎగిరి గంతెయ్యలేదు గాని, కాళ్ళు ఆ పని చేసేట్టే ఉన్నాయి. తాటాకు ఒకటి తెచ్చి, కొలకర్రతో నాలుగు వైపులా సరిచూసి, బొటనవేలంత చదరం కోశాడు. పరుగున తెచ్చి గురువుగారి చేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని నిలువుగా పట్టుకుని, అంచుమీద గోరు ఆనించారు. గోరు కాస్త నిలిచింది.

"మొహాలు లెక్కపెట్టు."

తిప్పన లెక్కపెట్టాడు. ఇటొకటి, అటొకటి. అంచులవెంబడి సన్నటివి నాలుగు.

"ఆరయ్యా."

"మూలలు?"

లెక్కపెట్టనక్కర్లేకపోయింది. తిప్పన ఆకు తీసుకుని వెళ్ళిపోయాడు.

మందం తగ్గించాలి, అంతేగదా అనుకున్నాడు. మధ్యాహ్నం కాచమ్మ ఉల్లిపాయలు కోస్తోంది. ఆవిడ ఉల్లిపాయ కొయ్యడం చూడాల్సిన పని. ముందు పై తొక్క, ఆ తర్వాత రేకుకీ రేకుకీ మధ్య ఉండే పల్చటి పొర, ఏదీ చిరగనివ్వదు. ఎందుకమ్మా అంత ఓపిక అని ఎవరైనా అడిగితే, రాయికి లేని పొరలు దీనికున్నాయి, చూడనివ్వండ్రా అంటుంది. తిప్పన ఆ పొర ఒకటి అడిగాడు. దాంట్లోంచి వేలు కనిపిస్తోంది, వేలిమీది గీతలు కనిపిస్తున్నాయి. చదరంగా కోసి, ఊపిరి బిగబట్టి తీసుకెళ్ళాడు.

"దీనికి మందం లేదయ్యా."

"లేదా? ఇంకో పది పట్రా."

తెచ్చాడు. అయిలోజు గారు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, పక్కనుంచి చూపించారు. దొంతర చీమ ఎక్కాల్సినంత ఎత్తుంది.

"ఒక్కోదానికి లేని మందం పదకొండుకీ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

ఉల్లిపొరలు గాలికి లేచిపోయాయి.

ఏకాదశినాడు పొద్దున నేలమీద ముగ్గుపిండితో చదరం గీసి గురువుగారిని పిలిచాడు. ఆయన వంగి ఉఫ్‌మని ఊదారు. పిండి లేచి తిప్పన కళ్ళల్లో పడింది. కళ్ళు నులుముకుంటుంటే ఎండలో తన నీడ కనపడింది. నీడ! దానికి మందమేది? గోరు పెట్టి చూడమను, పేర్చి చూడమను!

నిన్నటి తాటాకు చదరం తెచ్చి పుల్లకి గుచ్చాడు. నేలకి సమంగా పట్టుకుంటే నీడ కూడా చదరమే, ఆ లెక్క అతనికి తెలుసు.

"చెయ్యి చాపండయ్యా."

అయిలోజు గారు అరచెయ్యి చాపారు. నలభయ్యేళ్ళు సుత్తి పట్టిన చెయ్యి, సగం కాయలు, సగం గుంటలు. నీడ దానిమీద పడింది. ఒక మూల కాయ ఎక్కింది. ఇంకో మూల గుంటలోకి జారింది. భుజాలు పాముల్లా వంకర్లు పోయాయి.

"ఇది చదరమా?"

"చెయ్యి అలా ఉంది గనకయ్యా..."

ఆయన గుప్పిట మూశారు. నీడ మెల్లిగా గుప్పిటమీదికెక్కి కూర్చుంది.

"చేతిలో పెట్టమన్నాను గదరా" అని లేచి కొలిమివైపు వెళ్ళిపోయారు.

ఆ పూట తిప్పన అన్నం సరిగ్గా తినలేదు. కంచంలో రొట్టెవైపే చూస్తూ కూర్చున్నాడు. దాన్ని ఇన్నాళ్ళూ గుండ్రం అన్నాడు. తీరా చూస్తే అదొక పొట్టి స్తంభం. ఎదురుగా ఉన్న చాప ఒక పల్చటి పెట్టె. చాపమీద పడుకున్న కుక్క ఏ గుంపో, ఇప్పుడతనికి దాని సంగతీ తెలియలేదు. లోకంలో ఉన్నదంతా రెండో గుంపే అయితే మొదటి గుంపులో ఏముంది? ఏమీ లేకపోతే అన్ని పేర్లెందుకు పెట్టారు? అతని చదువులో సగం, ఎవరూ కాపురం లేని ఇళ్ళకి తలుపులు లెక్కపెట్టడమేనా?

"తినవేంరా అబ్బాయ్? దానికి మూలలు లేవులే, గుచ్చుకోదు" అంది కాచమ్మ.

తిప్పన లేచి చెయ్యి కడుక్కుని, మూట కట్టుకుని, సెలవు తీసుకోవడానికి గురువుగారి దగ్గరికెళ్ళాడు.

"నావల్ల కాదయ్యా. వెళ్ళొస్తాను."

"సరే. పోయేముందు ఆ రాయి పైమొహం చదును చేసి పో. ఏటి అవతలి దీపస్తంభానికి పీఠం అది. ఉలి దానిమీదే పడుంది, సుత్తీ ఉంది."

మూరెడు రాయి. నాలుగు మూలలూ దాదాపు కొట్టే ఉన్నాయి. చదును చూసే పద్ధతి తిప్పన రోజూ చూస్తున్నదే. సాపుగా చిత్రికపట్టిన చెక్కపలకకి ఎర్రజాజు పూసి రాతిమీద ఆనించి ఎత్తుతారు. జాజు కొన్నిచోట్ల అంటుకుంటుంది, కొన్నిచోట్ల అంటుకోదు. ఆ తర్వాత కొడతారు.

తిప్పన పలక ఆనించి ఎత్తాడు. రాతిమీద ఏడెనిమిది ఎర్రమచ్చలు పడ్డాయి. మచ్చలు పడని చోటు చూసుకుని, అదే చెడిందనుకుని, అక్కడ కొట్టడం మొదలెట్టాడు. ఎంత కొట్టినా అక్కడ ఎరుపు అంటదు. మళ్ళీ కొట్టాడు.

ఎప్పుడొచ్చారో, వెనకనుంచి అయిలోజు గారి గొంతు. "గుంటని ఇంకా తవ్వుతున్నావేంరా? పలక తగిలిందెక్కడ?"

"ఎర్రగా ఉన్నచోట."

"మరి ఎత్తుగా ఉన్నదేది?"

తిప్పన మొహం జాజుకంటే ఎర్రబడింది. ఎర్రమచ్చలమీద కొట్టాడు. పలక ఆనించాడు, ఎత్తాడు. ఈసారి పది మచ్చలు. మళ్ళీ కొట్టాడు. పాతిక.

ద్వాదశి గడిచింది. త్రయోదశి గడిచింది. వెళ్ళిపోతానన్నవాడివి ఉన్నావేమని ఎవరూ అడగలేదు. మచ్చలు వందలయ్యాయి, సన్నబడ్డాయి, ఒకదాన్నొకటి అంటుకున్నాయి. రాయి దెబ్బకి చేసే చప్పుడు కూడా మారింది. మొదట ఠంగుమనేది, ఇప్పుడు పక్కనున్నవాళ్ళతో చెప్పుకునే మాటలా ఉంది. ఉలి పక్కనబెట్టి ఇసకతోనూ నీళ్ళతోనూ రుద్దాడు. చతుర్దశి సాయంత్రం పలక ఎత్తి చూస్తే మొహమంతా ఒకటే ఎరుపు.

ఆ ఎరుపు పూతకి కూడా మందం ఉందని తిప్పనకి గుర్తొచ్చింది. కావడినీళ్ళు పోసి కడిగాడు. పైపంచెతో తుడిచాడు. అప్పుడు వెళ్ళి, ఏమీ చెప్పకుండా, అయిలోజు గారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ అరచేతిని రాతిమీద పెట్టాడు.

ఆయన చెయ్యి తియ్యలేదు.

"ఏదిరా చదరం?"

"మీ చేతికింద."

"నా చేతికింద రాయుంది."

"రాయి అక్కడితో అయిపోయిందయ్యా. మీ చెయ్యి ఇంకా మొదలవలేదు." అనేశాక తిప్పనకే తానేమన్నాడో అర్థం కాలేదు.

"మందమెంత?"

"నాకు తెలీదయ్యా."

అయిలోజు గారు చేత్తో మెల్లిగా ఒక మూలనుంచి ఎదుటి మూలదాకా నిమిరారు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి, తెలీదన్నందుకు తిప్పనకి సిగ్గు వెయ్యలేదు. ఉలి నీళ్ళలో కడిగి, ఎరువు తెచ్చిన వస్తువులా రెండు చేతులతో తిరిగి ఇవ్వబోయాడు.

ఆయన అందుకున్నారు. మొన చూశారు. తన పంచె అంచుతో తడి తుడిచారు. తిప్పన కుడిచెయ్యి పట్టుకుని అందులో పెట్టి, వేళ్ళు మూశారు.

"ఎల్లుండి రాయిని బండెక్కించు. ఒక మొహం తెచ్చావు. ఇంకా అయిదున్నాయి."