నీళ్లొచ్చిన ఫొటో, రాని ఫొటో

ఆదివారం ఉదయం ఆరూ పదికి పరాంకుశం గారు పాలప్యాకెట్టు మూల కత్తిరిస్తుండగా వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. వచ్చినవాడు మస్తాన్‌వలి. తరగతి తొమ్మిదింటికి. ఇంత పొద్దున్నే వచ్చాడంటే ఏదో జరిగే ఉంటుందని ఆయనకు అర్థమైంది. పాలు గిన్నెలో పోసి, స్టవ్ వెలిగించి, "కూర్చో" అన్నారు.

జిల్లా పత్రికలో చాలాకాలం పనిచేసి రిటైరైన పరాంకుశం గారు ఆదివారాలు తన ఇంటి వరండాలో మండల విలేకరులకు పాఠం చెబుతారు. ప్రెస్‌నోటు దాటి లోపలికి ఎట్లా వెళ్లాలి, ఎవరిని అడగాలి, విన్నదాన్ని ఎట్లా సరిచూసుకోవాలి అన్నది పాఠం. ఆయనకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు; లేచి చెప్పులు వేసుకుంటారు. గురువుగారిని ప్రశ్న అడగాలంటే బండిలో పెట్రోలుండాలని శిష్యులు నవ్వుకుంటారు. ఆ నవ్వేవాళ్లలో మస్తాన్‌వలిది మొదటి గొంతు. ఆ రోజు మాత్రం అతను నవ్వే స్థితిలో లేడు.

గొట్లగుంట అతని మండలంలోని ఊరు. బోర్లు ఎండిపోయి, వేసవి అంతా ట్యాంకరు నీళ్ల మీద బతుకుతుంది. కాంట్రాక్టరు రోజుకు ఆరు ట్రిప్పులకు బిల్లు పెడుతున్నాడనీ వచ్చేవి రెండేననీ ఊరంతా అనుకునే మాట. మస్తాన్‌వలి ఆ మాట రాశాడు. వార్త పక్కన ఫొటో వేయించాడు: గోడ ముందు వరసగా నిలబడి ఖాళీ బిందెలు బోర్లించి పట్టుకున్న ఆడవాళ్లు. పేపరు వచ్చిన సాయంత్రానికే కాంట్రాక్టరు మరో ఫొటో అందరి ఫోన్లకూ పంపాడు. అదే గోడ, అదే ఆడవాళ్లు, అవే చీరలు. చంకల్లో బిందెలు, వెనక ట్యాంకరు. మండలాఫీసులో అధికారి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "ముందు ఏది నిజమో మీలో మీరు తేల్చుకోండి, విచారణ సంగతి తర్వాత" అన్నాడు. పత్రిక జిల్లా ఇన్‌ఛార్జి అంత మర్యాదగా మాట్లాడలేదు. సోమవారం రాత్రిలోపు వార్తను నిలబెట్టే ఆధారం రావాలి, రాకపోతే తప్పు ఒప్పుకుంటూ సవరణ వేసి గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుంటామన్నాడు. సవరణ పడితే మస్తాన్‌వలి పని పోవడం ఒక్కటే కాదు, గొట్లగుంట నీళ్ల గురించి ఇక ఎవరూ నోరెత్తరు.

ఇదంతా చెప్పి అతను అడిగాడు: "సార్, ఆ ఊళ్లో నీళ్లు లేనిమాట నిజం. లేని కష్టాన్ని నేను పుట్టించలేదు. ఉన్నదాన్ని కాస్త కనపడేట్టు నిలబెట్టాను. దాంట్లో అబద్ధం ఎక్కడుంది సార్?"

పాలు పొంగుకొచ్చాయి. ఆయన స్టవ్ కట్టేసి గిన్నె మీద మూత పెట్టారు. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకున్నారు.

గొట్లగుంట చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ట్యాంకరు వచ్చి ఆగే చోటు పాలకేంద్రం గోడ పక్కన. ఎదురుగా ఉన్న సిమెంటు దిమ్మె మీద ఇద్దరూ కూర్చున్నారు. కూర్చుని నిమిషం కాలేదు, ఇళ్లలోంచి ఆడవాళ్లు బిందెలతో బయటికొచ్చారు. ఎవరూ పిలవలేదు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, గోడ ముందు వరస కట్టారు. అందరిలోకి పెద్దది ఓబులమ్మ. ఆమె మస్తాన్‌వలిని గుర్తుపట్టి తల ఊపింది గానీ, ప్రశ్న మాత్రం తెల్లచొక్కా పెద్దాయనకే వేసింది.

"మీది ఏ ఫొటో సారూ? నీళ్లొచ్చిన ఫొటోనా, రాని ఫొటోనా?"

పరాంకుశం గారు, "ఏ ఫొటో లేదమ్మా. మీ పని మీరు చూసుకోండి. మేం కాసేపు కూర్చుని పోతాం" అన్నారు.

వరసలో గుసగుసలు లేచాయి. ఫొటో అవసరం లేని మనిషి ఈ గోడ దగ్గరికి రావడం వాళ్లకు కొత్త. "కూర్చుని పోతే మీకేమొచ్చుద్ది?" అని ఒకామె అనుమానంగా అడిగింది. "సారుకి ఎట్టా కావాలో చెప్పుకోలేకపోతున్నాడేమోలే" అని ఇంకొకామె సర్ది చెప్పింది. వరస చివర మరియమ్మ అనే చిన్నది నిలబడి ఉంది. ఆమె బిందెలో అడుగున కొన్ని నీళ్లున్నాయి. ఆమె ఒకసారి మస్తాన్‌వలి ముఖంలోకి చూసి, అతనేమీ అనకముందే, బిందె వంచబోయింది.

"వద్దమ్మా!" అన్నారు పరాంకుశం గారు. ఆయన గొంతు అంత పెద్దదని మస్తాన్‌వలికి అప్పటిదాకా తెలియదు.

మరియమ్మ బెదిరిపోయి బిందె నిలబెట్టింది. ఓబులమ్మ ఆమెను వెనకేసుకొచ్చింది. "దాన్నెందుకు కసురుతారు సారూ? మొన్న అందరం పారబోసినోళ్లమే. మస్తానే గదా చెప్పింది, ఖాళీగా ఉంటే ఫొటో గట్టిగా పడుద్దని."

మస్తాన్‌వలి ఆ ఉదయాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. బిందెలు బోర్లించండి అని తను అన్నమాట నిజమే. ఆ మాట అన్నప్పుడు అతని కళ్లు ఫోను తెర మీద ఉన్నాయి, గోడ మీద వెలుతురు సరిపోతుందా లేదా అని చూస్తున్నాయి. బిందెల్లో ఏముందో అతను చూడలేదు.

"బిందెల్లో నీళ్లున్నాయా ఆరోజు?" అన్నాడు.

"ముందురోజువి. తలా కాసిని."

"చెప్పొచ్చు గదా ఓబులమ్మత్తా!"

"నువ్వడిగితే గదా అబ్బయ్యా! నీ ఫొటోకి నిలబడకపోతే నువ్వు రాయవు. వాడి ఫొటోకి నిలబడకపోతే వాడు పైపు విప్పడు. మాకేంది, నిలబడేదేగా."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అదే అతన్ని తికమక పెట్టింది. తిడితే క్షమాపణ అడగొచ్చు. ఇక్కడ అడగడానికి చోటే కనిపించలేదు.

ఇంతలో ట్యాంకరు వచ్చింది. డ్రైవరు తిరపతయ్య దిగాడు, దిమ్మె మీది పెద్దమనిషిని చూశాడు, వెంటనే చొక్కా గుండీ పెట్టుకున్నాడు. ముందు పైపు విప్పలేదు, ఫోను తీశాడు. ఆడవాళ్లు సర్దుకున్నారు. మొదటి ఫొటో అయ్యాక ఎవరూ చెప్పకుండానే కొంగులు తలమీదికొచ్చాయి. రెండోది అయ్యాక ప్లాస్టిక్ బిందెలు వెనక్కి, స్టీలు బిందెలు ముందుకి మారాయి. తర్వాత పిల్లలను పిలిచి ముందు నిలబెట్టారు. ఆ తర్వాత తిరపతయ్య బండి ఎక్కి, ట్యాంకరును రెండోవైపు కనపడేట్టు తిప్పి పెట్టాడు. బడిలో డ్రిల్లు చేసినంత తేలిగ్గా సాగుతోంది వ్యవహారం. తను ఒక్క ఫొటోకే అరగంట తంటాలు పడిన సంగతి మస్తాన్‌వలికి గుర్తొచ్చింది.

తిరపతయ్య చెమట తుడుచుకుంటూ పరాంకుశం గారి దగ్గరికొచ్చాడు. "చూడండి సార్. పోయిన బిల్లులో రెండు ఫొటోలు ఒకటేలాగున్నాయని మీ ఆఫీసులో అన్నారంట. ఇప్పుడు ఆరు ట్రిప్పులకీ ఆరు రకాల ఫొటోలు. ట్యాంకరు కూడా తిప్పుతున్నా."

"ఇంత కష్టం ఎందుకయ్యా? ఆరుసార్లు నీళ్లే తోలితే పోదా?"

తిరపతయ్య హాయిగా నవ్వాడు. "డీజిలెవరిస్తారు సార్?"

"నేను ఆఫీసు మనిషిని కాదు నాయనా" అన్నారు పరాంకుశం గారు. "పేపరు వాళ్లకు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఈ అబ్బాయి విలేకరి."

మస్తాన్‌వలికి ప్రాణం ఉసూరుమంది. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే ఆ మనిషి ఇంకా ఎంత చెప్పేవాడో. తిరపతయ్య ముఖంలో నవ్వు పోయింది. "అయితే నేనేం చెప్పలా" అన్నాడు.

"చెప్పావు. నీ పేరు వేయాలా వద్దా అన్నది మాత్రం నీ ఇష్టం."

తిరపతయ్య ట్యాంకరు వైపు ఒకసారి చూశాడు. "పేరొద్దు సార్, పిల్లలు గలోణ్ణి. బండి నంబరేసుకోండి, అది నాది కాదు" అన్నాడు. అని, పైపు విప్పడానికి వెళ్లాడు.

నీళ్లు పడుతున్నాయి. వరస చెదిరింది. ఒకామె ఇంకొకామె కాలు తొక్కింది, "కళ్లు నెత్తిమీదున్నాయటే!" అని అరుపు, వెంటనే నవ్వులు. మరియమ్మ దోసిలి పట్టి గటగటా తాగుతోంది. ఇదే ఫొటో, దీన్ని తీస్తే చాలు అనుకున్నాడు మస్తాన్‌వలి. జేబులోంచి ఫోను తీసి పైకెత్తాడు. ఎత్తీ ఎత్తగానే తోపులాట ఆగిపోయింది. మరియమ్మ నోరు తుడుచుకుని నిటారుగా నిలబడింది. అందరి ముఖాలూ అతనివైపు తిరిగి, ఏది కావాలో చెబుతాడని ఎదురుచూస్తున్నాయి. వాళ్ల వెనక నీళ్లు నేలపాలవుతున్నాయి. అతను గబుక్కున ఫోను దించేశాడు. దించాక కూడా వాళ్లు కాసేపు కదల్లేదు.

తిరుగు దారిలో అతని బుర్ర నిండా ముడులే. తను తీసిన ఫొటోలో కష్టం నిజం, బిందెలు అబద్ధం. కాంట్రాక్టరు ఫొటోలో ట్యాంకరు నిజం, లెక్క అబద్ధం. తీయని ఫొటో ఒక్కటే నిఖార్సయినది, అది ఎవరికీ చూపించలేడు. "సార్, నా ప్రశ్నకు జవాబు?" అన్నాడు వెనక్కి తిరగకుండా. "ముందు లారీ ఉంది, చూసి నడుపు" అన్నారు పరాంకుశం గారు.

సోమవారం అతను ట్యాంకర్లు నింపుకునే బోరు దగ్గరికి వెళ్లి, తెల్లారినప్పటినుంచి చీకటి పడేదాకా వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. తిరపతయ్య వేసుకోమన్న నంబరు బండి రెండుసార్లే వచ్చింది. రోజూ అంతేనని బోరు యజమాని చెప్పాడు. తన పేరు రాసుకోమని కూడా అన్నాడు. మస్తాన్‌వలి తను చూసింది చూసినట్టు రాశాడు. కొంగులు తలకెక్కడం, స్టీలు బిందెలు ముందుకు రావడం, ట్యాంకరు తిరగడం. మొదటి ఫొటోలో బిందెలు తనే బోర్లించమన్నానని, అందుకోసం వాళ్లు నీళ్లు పారబోసుకున్నారని కూడా రాశాడు. ఇన్‌ఛార్జి ఫోన్ చేసి, "ఫొటో ఏదయ్యా?" అన్నాడు. లేదన్నాడు మస్తాన్‌వలి. "ఫొటో లేని నీళ్ల వార్త ఎవడు చదువుతాడు?" అని విసుక్కున్నాడు గానీ, వార్తను కొట్టేయడానికి ఇన్‌ఛార్జికి కారణమూ దొరకలేదు. లోపలి పేజీలో ఒక మూలన వేశాడు. కార్డు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు గొట్లగుంటకు ట్యాంకరే రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. ఓబులమ్మ ఫోన్ చేసింది. "అబ్బయ్యా, నువ్వు రాయకముందు రెండన్నా వచ్చేవి. ఇప్పుడు ఫొటో తీసేవోడు కూడా దిక్కులేడు" అంది. రాసింది నిజం. దానివల్ల ఆ ఊరికి దక్కింది ఎండిన బిందెలు. ఈసారి అవి నిజంగానే ఖాళీ. మస్తాన్‌వలి ఫొటో తీద్దామని వెళ్లి, తీయకుండా తిరిగొచ్చాడు. ట్యాంకరు ఆగిన సంగతి కూడా రాసి పంపాడు.

ఇంకొన్ని రోజులు గడిచాక విచారణ పడింది, బిల్లులు ఆగాయి, వేరే ట్యాంకరు పెట్టారు. ఆ ఆదివారం వరండాలో మిగతా విలేకరులు మస్తాన్‌వలి వీపు తట్టి, టీ పోయించమని పట్టుబట్టారు. అతని ముఖంలో మాత్రం ఇంకా తికమకే. అందరూ వెళ్లాక పరాంకుశం గారి దగ్గర ఆగి చెప్పాడు. కొత్త ట్యాంకరు మొదటిసారి వచ్చిన రోజు సంగతి ఓబులమ్మ వల్ల తెలిసిందట. డ్రైవరు దిగాడు, పైపు విప్పాడు, అందరి బిందెలూ నింపి ట్యాంకరు తోలుకుని వెళ్లిపోయాడు. ఫోను జేబులోంచి తీయలేదు. ఆడవాళ్లు నిండు బిందెలు చంకనెత్తుకుని, గోడ ముందు వరసలో, ఎండలో చాలాసేపు అట్లాగే నిలబడ్డారు.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"చివరికి వాళ్లను ఇంటికి పొమ్మన్నదెవరో అడిగావా?" అన్నారు.