కూర్మయ్య పొడుం డబ్బీకి పరస్థానం

దుప్పటి కోసం పీకులాట ఆపి పడుకోండర్రా. ఊ కొట్టినవాళ్ళకే కథ, కొట్టనివాళ్ళు గోడవైపు తిరిగి పడుకోవచ్చు.

అనగనగా, అనగనగనగా, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో కూర్మయ్య అని ఒక మహానుభావుడు. మహానుభావుడని ఎందుకంటున్నానంటే, పొద్దున్న మంచం మీంచి అరుగు మీదికి, అరుగు మీంచి భోజనం పీట మీదికి, పీట మీంచి మళ్ళీ మంచం మీదికి, అంతే ఆయన సంచారం. రోజంతా కలిపి నలభై అడుగులు. నలభై ఒకటో అడుగు పడాలంటే పంచాంగం తియ్యాలి. గుమ్మంలోంచి ముందు పొట్ట వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. చేతిలో ఇత్తడి పొడుం డబ్బీ. చిటికెడు పొడుం ముక్కులో ఎగపీల్చడం, హాచ్చని తుమ్మడం, అదే ఆయనకి కసరత్తు.

ఆయనకి ఒక్కడే కొడుకు. వాడు పొద్దస్తమానం పొలంలో ఉంటాడు, వాడితో మనకి పనిలేదు. కోడలి పేరు నాంచారు. నాంచారుకి మగపిల్లాడు పుట్టాడు. పుట్టాడు గానీ ఏడవలేదు. పిడికెడంత ఉన్నాడు, చలనం లేదు. మంత్రసాని తట్టింది, దులిపింది, తలకిందులు చేసింది, వాడు కిక్కురుమనలేదు. అరుగు మీదున్న కూర్మయ్యకి గుండె జారిపోయింది. పాపం, కొండవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి, నరసింహస్వామీ, వీణ్ణి బతికించు, నా భుజాల మీద నేనే మోసుకుని మూడొందల మెట్లూ ఎక్కి పుట్టువెంట్రుకలు నీకిస్తానని మొక్కేశాడు. మొక్కాడో లేదో లోపల పిల్లాడు కేరుమన్నాడు. వాడికి సింగన్న అని పేరు పెట్టుకున్నారు.

ఊ కొడుతున్నారా? సరే.

పుట్టువెంట్రుకలు బేసి ఏట తియ్యాలి. మొదటి ఏడు కాకపోతే మూడో ఏడు, మూడో ఏడు కాకపోతే అయిదో ఏడు. అయిదు దాటితే మొక్కు మొక్కుగానే మిగిలిపోతుందని ఆ ఊళ్ళో లెక్క. మొదటి ఏడు కూర్మయ్య ఎండలన్నాడు. మూడో ఏడు కొండదాకా బండిలో వెళ్ళాడు, పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు, పదకొండు మెట్లెక్కి పన్నెండో మెట్టు మీద చతికిలబడ్డాడు. మోకాలు పట్టేసిందని కుంటుకుంటూ దిగొచ్చాడు. వైద్యుడొచ్చి మోకాలు నొక్కి చూసి, మోకాలు బంగారంలా ఉంది, దానికి పనే లేదు, అదే రోగం, రోజూ పొద్దున్నే నడవండని చెప్పి మందైనా ఇవ్వకుండా పోయాడు. కూర్మయ్యకి ఒళ్ళు మండింది. అయినా సరే, మంచిరోజు చూసి మొదలుపెడతానన్నాడు.

ఇక చూడండి. ఆదివారం అలసట, ఏం చేసి అలిసిపోయాడో అడక్కండి. సోమవారం తూర్పుకి శూల, వీధిగుమ్మం తూర్పునే ఉందాయె. మంగళవారం మంచిది కాదు. బుధవారం బురద. గురువారం గుండెదడ. శుక్రవారం శిరోభారం. శనివారం శని. ఇవేమీ లేని రోజు ఎప్పుడన్నా వచ్చిందా, గడప దగ్గర నిలబడి ఒక పట్టు పొడుం పీల్చేవాడు, తుమ్మేవాడు. తుమ్ము వినబడింది, అపశకునం, అని వెనక్కి వచ్చి కూర్చునేవాడు. తుమ్మిందెవరయ్యా అంటే తనే.

ఇలా ఇలా సింగన్నకి అయిదో ఏడు సగం గడిచిపోయింది. వాడి జుట్టు నడుం దాటింది. నాంచారు రోజూ మధ్యాహ్నం వాణ్ణి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పేలు తియ్యడం, వాడు ఊరంతా వినబడేలా ఏడవడం. వీధిలో కొత్తవాళ్ళు పిల్ల ముద్దుగా ఉందనేవారు. వాడు నేను పిల్లని కాదని లాగు విప్పి చూపించేవాడు. నవ్వకండర్రా, వాడి బాధ వాడిది.

అప్పుడొకనాడు నాంచారు తండ్రి తవిటయ్య చుట్టపుచూపుగా వచ్చాడు. ములక్కాడలా ఉంటాడు మనిషి. మనవడి జడ చూసి, బావగారూ మీకెందుకు శ్రమ, ఈసారి కొండ తిరునాళ్ళకి నేనెత్తుకెళ్ళి జుట్టు తీయించేస్తానన్నాడు. తిరునాళ్ళకి ఇంకా మూడు నెలలుంది. కూర్మయ్య పైకి నవ్వాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు. రెండోసారి వడ్డిస్తే వద్దన్నాడంటే చూసుకోండి. తవిటయ్య వెళ్ళాక నిద్రపోతున్న పిల్లాడి జుట్టు నిమురుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వీడు ఏడవనప్పుడు మొక్కింది నేనమ్మా, ఇంకొకడు మోస్తే స్వామికి నా మొహం ఎలా చూపించను అని కోడలితో అన్నాడు. నడవండి మామయ్యగారూ అంది నాంచారు. రేపు వర్జ్యం తల్లీ అన్నాడు.

పోనీ పరస్థానం పెడదామా అంది నాంచారు.

పరస్థానం అంటే ఏమిటని అడగవేం గున్నా? ప్రయాణం రోజున మంచి ఘడియ లేకపోతే, ముందురోజే మంచివేళ చూసి మన వస్తువొకటి పక్కింట్లో పెట్టొస్తారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే, తర్వాత ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. కూర్మయ్యకి ప్రాణం లేచొచ్చింది. అడుగు వెయ్యకుండా నడక మొదలెట్టే ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదే అనుకుని భుజం మీది కండువా తీసిచ్చాడు. కండువా పనికిరాదంది నాంచారు. ప్రాణప్రదమైన వస్తువు కావాలి, పైగా ఎవరి వస్తువు వాళ్ళే వెళ్ళి చేతులారా తెచ్చుకోవాలి, తెచ్చేటప్పుడు ఇంకో చెయ్యి పడితే ముహూర్తం మైలపడుతుంది, మా పుట్టింటివైపు ఇంతే అంది. అని ఆయన ఒళ్ళోంచి పొడుం డబ్బీ తీసుకుని పక్కింటి పేరమ్మ అరుగు మీది గూట్లో పెట్టొచ్చింది.

తెల్లవారింది. ముక్కు పొడుం పొడుం అంటోంది. మంచం కింద లేదు, తలగడ కింద లేదు. ఎవరినన్నా పంపిద్దామంటే ఇంకో చెయ్యి పడకూడదాయె. తిట్టుకుంటూ పేరమ్మ అరుగుదాకా వెళ్ళాడు. పట్టు పీల్చాడు, తుమ్మాడు, అపశకునం అన్నాడు, ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం మళ్ళీ పంచాంగం చూస్తే మర్నాడూ బాగాలేదు. మళ్ళీ పరస్థానం. ఈసారి పేరమ్మ అరుగు దాటి వడ్రంగి ఈరన్న కొట్టం. ఆ మర్నాడు పేరమ్మ అరుగు దాటి, ఈరన్న కొట్టం దాటి, గానుగ పాక. ఆ మర్నాడు అరుగు దాటి, కొట్టం దాటి, పాక దాటి, మామిడితోట కావలి గుడిసె. నెల తిరిగేసరికి డబ్బీ ఊరు దాటేసింది.

దారిలో ఎవరన్నా ఏం కూర్మయ్యగారూ నడక మొదలెట్టారా అంటే ఆయనకి కోపం వచ్చేది. నడకేమిటి నా మొహం, నడకకి ఇంకా ముహూర్తం కుదర్లేదు, నా డబ్బీ నేను తెచ్చుకుంటున్నానంతే అనేవాడు.

అన్నీ ఇలాగే సాగితే కథెందుకు? ముసురు పట్టింది. ఒకటే వాన. డబ్బీ కావలి గుడిసె అవతల చింతతోపులో ఉంది. కూర్మయ్య బుర్ర పాదరసంలా పనిచేసింది. పేరమ్మ మొగుడి దగ్గర చిటికెడు పొడుం అప్పు పుచ్చుకుని అరుగు మీద కాళ్ళు చాపేశాడు. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు. నాలుగోనాడు సింగన్న వచ్చి ఒళ్ళో కూర్చుని, తాతా, నన్ను కొండకి తవిటయ్య తాతే తీసుకెళ్తాడు కదూ అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే, ఎవరూ చెప్పలేదు, నువ్వు కూర్చున్నావు కదా అన్నాడు.

కూర్మయ్యకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అప్పు పుచ్చుకున్న పొడుం చూరునీళ్ళలో పారబోశాడు. తాటాకు గొడుగు తీశాడు, పిల్లాణ్ణి భుజానికెక్కించుకున్నాడు, బురదలో దిగాడు. ఆ రోజు బుధవారం కూడానూ. తోపుదాకా నాలుగుచోట్ల ఆగాడు, రెండుచోట్ల దేవుణ్ణి తిట్టాడు, ఒకచోట వైద్యుణ్ణి తిట్టాడు, కానీ వెళ్ళొచ్చాడు. ఆనాటి నుంచి సింగన్న తాత భుజం దిగితే ఒట్టు. డబ్బీ చింతతోపు దాటింది, వాగు దాటింది, కొండ కింద కొబ్బరికాయల కొట్టు చేరింది. ఆ తర్వాత పదో మెట్టు, యాభయ్యో మెట్టు, నూరో మెట్టు.

ఊ కొట్టండి, గురక కాదు.

తిరునాళ్ళ రోజు రానే వచ్చింది. పరస్థానం కొండ మీదే పెట్టించానంది నాంచారు. తవిటయ్య నడుంకి తుండుగుడ్డ బిగించుకుని మొదటి మెట్టు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. కూర్మయ్య పిల్లాణ్ణి ఎత్తుకుని కాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే తవిటయ్య హాచ్చని తుమ్మాడు. జనం ఆగిపోయారు. కూర్మయ్య ఎత్తిన కాలు గాల్లోనే ఉంది. ఆయన కడుపులో పాత కూర్మయ్య, హమ్మయ్య, ఇంటికి పోదాం అన్నాడు. ఎంత హాయైన మాట! నిజంగానే ఒక్క క్షణం వెనక్కి చూశాడు. భుజం మీద పిల్లాడి వేళ్ళు ఆయన చెవులు గట్టిగా పట్టుకున్నాయి. తుమ్మింది బావగారు, ఆ శకునం ఆయన్నే ఉంచుకోమనండి, నా డబ్బీ పైనుంది అని కాలు మెట్టు మీద వేశాడు.

పన్నెండో మెట్టు వచ్చింది, పోయింది. నూరో మెట్టు వచ్చింది, పోయింది. నూటయాభై దగ్గర వెనకాల వస్తున్న తవిటయ్య కూలబడి, మంచినీళ్ళన్నాడు. రెండొందల దగ్గర కూర్మయ్య కాళ్ళు వణికాయి. ఆగాడు, ఊపిరి పీల్చాడు, కూర్చోలేదు. మూడొందలో మెట్టెక్కి పిల్లాణ్ణి స్వామి ఎదట దింపి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. జుట్టు పోయింది, పేలు పోయాయి, సింగన్న గుండు నిమురుకుని తెగ మురిసిపోయాడు.

అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, నా డబ్బీ ఏదమ్మా అన్నాడు. ఇంట్లో మీ తలగడ కింద ఉంది మామయ్యగారూ, ఇవాళ నేనెక్కడా పెట్టలేదంది నాంచారు. మరి నేనెందుకెక్కానే అన్నాడు. అది మిమ్మల్నే అడగాలంది.

మర్నాడు తెల్లవారింది. డబ్బీ తలగడ కిందే ఉంది. కూర్మయ్య దాన్ని చూశాడు, ఒక పట్టు పీల్చాడు, తుమ్మాడు, చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు. ఎనభై ఏళ్ళు వచ్చేదాకా ఒక్క పొద్దు తప్పలేదు. ఎవరడిగినా, నడక ఇంకా మొదలెట్టలేదర్రా, ముహూర్తం కోసం చూస్తున్నానని చెప్పేవాడు. అందరూ చల్లగా ఉన్నారు.

కాబట్టి ముహూర్తం వస్తే చూద్దాం, ముందు కాళ్ళు కదపండి. ఇందాక పాలు తెమ్మంటే కాలు నొప్పన్నవాడు ఎవడో నాకు తెలుసు. ఏమిటి గున్నా, నా మోకాళ్ళ మాటేమిటంటావా? నా కళ్ళజోడు చూశావా ఇక్కడెక్కడన్నా? చివరింటి సూరమ్మ గూట్లో పెట్టొచ్చాను. పొద్దున్నే నేనే వెళ్ళి తెచ్చుకోవాలి, ఇంకో చెయ్యి పడకూడదు.

కథ కంచికి బయల్దేరింది, బండెక్కలేదు, నడిచే వెళ్తోంది. మనం ఈ పూటకి మంచం ఎక్కుదాం.