తిరగలి పాటలో రెండో సగం

"తిరుగు తిరుగు రాయీ, చేయి నొచ్చేదాకా
జొన్న రాలిందమ్మా, నా ఎదుట..."

ఎదుట ఏమిటో గుర్తు రావడం లేదు. ఆ సగం మా అక్క గవరమ్మ పాడేది. ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని విసిరేవాళ్లం. ఎవరి సగం వాళ్లకే వచ్చు. ఈ కథ చెప్పిందీ అక్కే.

ఏ కాలమో తెలియదు గాని, ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయన ఏటి నీటితో తిరిగే పిండి యంత్రం కట్టించాడు. ఇక తిరగళ్లెందుకని ఇంటింటా ఊడబెరికించి, కోటకి మెట్లు వేయించాడు. ఊళ్లో పాటలు ఆగాయి, ఇరుగుపొరుగు పలకరింపులూ ఆగాయి. అంతఃపురంలోని తిరగలినీ వదల్లేదు. ఒకప్పుడు కొడుకు జావకి తన చేత్తో విసిరిన రాజమాత, ఆనాటి నుంచి మంచం పట్టింది. మాట్లాడదు, మెతుకు ముట్టదు.

"నా యంత్రం వెయ్యిమంది ఆడవాళ్ల పెట్టు," అన్నాడు రాజు కొలువులో. "అది చేయలేని పని ఒక్కటి చెప్పరా సింగనా. చెప్పలేకపోతే తిరగలి నీ నెత్తికెత్తి కోటంతా తిప్పిస్తాను."

విదూషకుడు సింగన తల గోక్కున్నాడు. "తోచడం లేదు ప్రభూ. శిక్ష వేయండి."

"అప్పుడే ఓడిపోయావేం?"

"యంత్రంతో వాదిస్తే పిండైపోతాను ప్రభూ."

కొలువంతా నవ్వింది. మెట్ల దగ్గర సింగన, పిడి ఇంకా ఊడని అంతఃపురం తిరగలిని చూపించి, "ఇదే బరువుగా కనిపిస్తోంది, ఇదే పెట్టించండి," అన్నాడు. దాన్ని మోస్తూ తిరిగి తిరిగి, రాజమాత గదిలో దించాడు. వేడుక చూస్తూ రాజూ వెనకాలే వచ్చాడు.

ముసలామె రాయిని తడిమింది. లేచి కూర్చుని పిడి పట్టుకుంది. సన్నని గొంతుతో సగం పాడి, ఆగిపోయింది. ఆమెతో విసిరిన దాసి ఎప్పుడో పోయింది. అయినా రాజమాత ఎదురుచూస్తూనే ఉంది.

"పాడమ్మా," అన్నాడు రాజు.

"మిగతాది ఎదుటి మనిషి దగ్గరుంటుంది ప్రభూ," అన్నాడు సింగన మెల్లగా. "మీ యంత్రం చేయలేనిది ఇప్పుడు తోచింది. అది ఎదుట కూర్చోలేదు."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టాడు. తల్లికి ఎదురుగా కూర్చుని పిడి మీద చేయి వేశాడు. పసితనంలో ఆమె తొడ మీద పడుకుని విన్న దాసి సగం, అడక్కుండానే నోటికొచ్చింది. రాయి కదిలింది.

కళ్లు తుడుచుకుంటూనే రాజు నవ్వాడు. "నేను వేసిన శిక్షతో నన్నే ఓడించావు కదరా. ఏం కావాలో అడుగు."

"యంత్రాన్ని ఉండనివ్వండి ప్రభూ, నొప్పుల చేతులకి అది తల్లి లాంటిది. మెట్లు మాత్రం ఇళ్లకి పంపించండి."

పంపించాడు. ఆ కోటకి మరి మెట్లు లేవట. రాజమాత చివరికి ఆ పాటతోనే కన్నుమూసిందట.

మా ఊరికి పిండిమర వచ్చాక మేమూ తిరగలిని గోడవారకి చేర్చాం. నేను చివరిసారి చూడబోతే, అక్క తిరగలి పిడి పట్టుకున్నట్టే నా చేయి పట్టుకుంది.

"నువ్వెత్తుకోవే," అంది. "నేనందుకుంటాను."